ఆరని తారు

డ్యాం నిండాక మంజీర నీళ్లు మూడువైపులా కమ్ముకుని ఆ బెస్తగూడేన్ని లోకానికి దూరం చేశాయి. నాలుగోవైపు రాళ్లగుట్ట. బస్సెక్కాలంటే గుండ్రటి బుట్టపడవలో, పుట్టిలో, అవతలి ఒడ్డుకు పోవాల్సిందే. వయసు పిల్లలు ఒక్కొక్కరే పటాన్‌చెరు కంపెనీలకు వెళ్లిపోగా చివరికి మిగిలింది బాలప్ప, పద్మావతి.

ఇప్పుడు పద్మావతి కూడా వెళ్తోంది. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. సోమవారం పొద్దున అవతలి ఒడ్డుకు వ్యాను వస్తుంది. అందుకోకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. హాస్టల్లో ఉంటానని, సెలవురోజు సినిమాలకు పోతానని ఆమె ఒకటే చెబుతోంది. బాలప్ప వల అల్లుతూ వినేవాడు. ఆ మాటల్లో తను ఎక్కడా లేడు.

ఆదివారం పెద్దవాళ్లు పుట్టీలు తీసుకుని ఎగువకు వేటకు వెళ్లారు. బాలప్పవాళ్ల పుట్టి ఒక్కటే మిగిలింది. పద్మను దాటించాల్సింది అతనే. సాయంత్రం దాన్ని బోర్లించి, పాత తారంతా గీకేసి, కిరసనాయిలు కలిపిన కొత్త తారు అడుగంతా పూశాడు. అది ఆరేదాకా నీళ్లలో దించడానికి లేదు.

పొద్దున్నే సంచితో వచ్చిన పద్మ పుట్టిని చూసి ఆగిపోయింది.

"చిల్లు పడ్డది," అన్నాడు బాలప్ప. "రెండు దినాలల్ల ఆరుతది."

చిల్లు పడితే ఆ ఒక్కచోటే అతుకు వేస్తారు. గూడెంలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతే.

"ఏడ పడ్డది? చూపియ్యి."

అతను కదల్లేదు. అవతల హారన్ మోగింది. పద్మ తువ్వాలు ఊపింది, గొంతు చించుకుని పిలిచింది. వ్యాను కాసేపు ఆగి వెళ్లిపోయింది.

తిడుతుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు.

"పోవద్దని ఒక్కమాట నోటితోని అనకపోతివి."

"అంటే ఆగుదువా?"

"ఆగేదాన్ని కాదు. గని సెలవు దొరికినప్పుడల్లా నీకోసం వస్తుంటి."

ఆ తర్వాత ఆమె అతనితో మాట్లాడలేదు. వేట నుంచి పుట్టీలు తిరిగొచ్చిన పొద్దున ముసలి పెంటయ్య పుట్టిలో ఎక్కింది. ఏదో ఒక కంపెనీలో పని వెతుక్కుంటానని ఆ ముసలాయనకే చెప్పింది. సంచి అందియ్యరా అని పెంటయ్య కేకేస్తే బాలప్ప అందించాడు. ఆమె అతని ముఖం చూడకుండానే అందుకుంది.

ఉండబట్టలేక, తారు పూర్తిగా ఆరకున్నా తన పుట్టి దించి వెనకాలే బయల్దేరాడు. సగం దూరం పోయేసరికి ఆమె ఒడ్డెక్కింది, వెనక్కి తిరగకుండా రోడ్డు పట్టింది. బాలప్ప తెడ్డు ఒళ్లో పెట్టుకున్నాడు. పుట్టి తనంతట తనే మెల్లగా తిరగసాగింది. ఒకసారి ఖాళీ రోడ్డు కనబడింది, ఒకసారి గూడెం కనబడింది. ఎటు తెడ్డు వేయాలో అతనికి తోచలేదు.