ముక్కున్న ఇత్తడి గిన్నె

డెబ్బై నాలుగులో విజయనగరం నుంచి మా అత్తగారి పార్సెల్ వచ్చింది. కమల క్రైస్తవుణ్ణయిన నన్ను పెళ్ళాడినప్పటినుంచీ, అంటే మూడేళ్ళుగా, ఆవిడకీ మాకూ మాటల్లేవు. కమల నెల తప్పిందని నేనే ఉండబట్టలేక ఉత్తరం రాశాను. జవాబు ఇదన్నమాట.

విప్పితే చిన్న ఇత్తడి గిన్నె. అంచున సన్నటి ముక్కు. చీటీ ముక్కయినా లేదు. అత్తగారికి రాయడం రాదు, మామగారు రాయరు.

నేను రాయపూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ని. ముక్కున్నది ఏది కనిపించినా నాకు నూనెడబ్బాయే. మామగారూ ఇక్కడే రైల్వేలో చేసి రిటైరయ్యారు కనుక ఆయనదే అని తేల్చేశాను. మెషీన్ ఆయిల్ పోసి కుట్టుమిషనుకీ తలుపు బందులకీ పట్టించాను. చుక్క చుక్కగా ఎంత చక్కగా పడిందో!

కమల మాత్రం రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

"నా వంతు సామాను పంపేసి చేతులు దులుపుకుంది అమ్మ. ఇంక నాకు పుట్టిల్లు లేదండీ" అంది.

నాకు అత్తగారి మీద ఒళ్ళు మండింది. గర్భిణిని ఇలాగా ఏడిపించడం?

మూడోనాడు పక్క పేట గుఢియారీ నుంచి బంగారమ్మ మామ్మ వచ్చింది. మా రైల్వే క్వార్టర్ల లైన్లో సగం పురుళ్ళు ఆవిడ చేతి మీదే జరిగాయి. గిన్నె తీసి వాసన చూసి, నా వీపున ఒక్కటిచ్చింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉందిరా! ఉగ్గుగిన్నిలో మిషను తేల్ పోసేసినావేటి? పసిపిల్లలకి పాలు పట్టేది బావూ ఇది!"

తరవాత కమలని పక్కన కూచోబెట్టుకుంది.

"అరే, ఏడుస్తావేటి పిల్లా? నీకు పట్టిన గిన్నే అయ్యుంటాది. తల్లికి పట్టిందాన్తోనే బిడ్డకీ పట్టాల. దీన్ని ఎవులికి పడితే వాళ్ళకి ఇవ్వరు. మీ అమ్మ పంపిందంటే, నీ కడుపులోది మా యింటి బిడ్డేనని చెప్పినట్టే. బస్, రాత రానోళ్ళు ఇంకెలా చెప్తారు?"

కమల ఏడుస్తూనే నవ్వింది. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

నేను పెరట్లో చింతపండూ బూడిదా పెట్టి నాలుగుసార్లు తోమాను. వాసన వదల్లేదు. అయిదోసారి తోముతుంటే తట్టింది. కమల బిడ్డంటే నా బిడ్డే కదా! నన్ను గడప తొక్కనివ్వని మనిషి, నా బిడ్డ నోటికి తన ఇంటి గిన్నె పంపింది. ఆవిణ్ణి తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

కమల వచ్చి నా మొహంలోకి చూసింది.

"ఏడుస్తున్నారా?"

"అవునే" అన్నాను.