ఎనిమిది వేల నూట తొంభై ఒకటి

“లెక్క సంగతి నేను చూసుకుంట. నువ్వు పప్పుల ఉప్పు సరిగ్గెయ్యి, చాలు” అన్నాడు దేవ్‌సింగ్, చాక్‌పీసు చేతిలో తిప్పుతూ.

అతని పెళ్లాం రుక్కి పొయ్యి మీది పప్పు కలిపింది. సకల జనుల సమ్మె నాలుగో వారం. మానుకోటలో బడులన్నీ మూతపడ్డాయి. పంతుళ్లు రోడ్డు మీదే టెంటు వేసి పిల్లలకు పాఠం చెబుతున్నారు. పంతుళ్ల పెళ్లాలు ఆ పక్కనే మూడు రాళ్లు పెట్టి అందరికీ వండుతున్నారు. ఉద్యమం ఎవరిదైనా పొయ్యి మాత్రం ఆడదానిదే.

దేవ్‌సింగ్ బోర్డు మీద పెద్దగా రాశాడు: 91 × 91 = 8191. “చూసిన్రా, ఇది విరిగింది. ప్రధాన సంఖ్య కాదు” అన్నాడు. చప్పట్లు మోగాయి.

రుక్కి చేతిలో గరిటె ఆగింది. ఆ సంఖ్య ఆమెకు కొత్త కాదు. రెండును పదమూడుసార్లు వేసి గుణించి, ఒకటి తీసేస్తే వచ్చేది అదే. పెళ్లయిన ఏడాది ఎండాకాలం, వంటింటి గోడ మీద బొగ్గుతో దాన్ని భాగించుకుంటూ పోయింది. రెండు, మూడు, ఐదు, ఏడు, పదమూడు, దేనితో భాగించినా ఒకటే మిగిలింది. పదకొండుతో ఏడు మిగిలింది. తొంభై దాటి పోనక్కర్లేదు, పెద్దదేదైనా భాగిస్తే దాని జంట ఆలోపే దొరకాలి. ఇరవై నాలుగు ప్రధాన సంఖ్యలు పెట్టి చూసింది, ఒక్కటీ లొంగలేదు. ఎంత సంబరపడిందో! అత్త లచ్చవ్వ మాత్రం “ఇంటర్ల లెక్కలకు తొంభై ఎనిమిదంట, రొట్టె గుండ్రంగ రాదు” అని ఆ గోడను అలికేసింది. అప్పట్నుంచి మొగుడి నోట్సులన్నీ రుక్కే రాస్తోంది. పేరు మాత్రం లెక్కల సారుది.

“సార్, నాకు ఎనిమిది వేల రెండొందల ఎనభై ఒకటి వస్తుంది” అంది ముందు వరుసలోని సంగీత.

“నోర్మూసుకొని కూసో. ఆడపిల్లవు, గంత తెలివి పనికిరాదు.”

ఆ పిల్ల తల దించుకుంది. రుక్కి గరిటె పక్కన పెట్టి, చేతులు కడుక్కుని బోర్డు దగ్గరికి నడిచింది.

“ఇంటికాడ చెప్పు. నా పరువు తియ్యకు” అని గొణిగాడు దేవ్‌సింగ్.

“జర జరుగు.”

పావుగంటలో బోర్డు నిండింది. ప్రతి భాగహారం కింద ఏం మిగిలిందో రాసింది. “తొంభై ఒకటి తొంభైసార్లు పోతే ఇంక ఒకటి మిగులుతది బిడ్డా. ఇది విరగదు. నువ్వు చేసిందే కరెక్టు” అంది సంగీతతో.

టెంటు పెద్ద భద్రు రేపటి పనుల కాగితం తీశాడు. “రేపు పాఠం ఎవలు చెప్తరు?”

“నేను చెప్త అన్నా.”

“మరి వంట?”

“దేవ్‌సింగ్ పేరు రాసుకో.”

పదేళ్ల కాపురంలో ఆమె మొగుడి పేరు పలకడం అదే మొదలు.