దొరసానికి స్ప్రింగులు

తెల్లారి షెడ్డు తలుపు తీసేసరికి బండి మళ్ళీ పొట్ట నేలకి ఆనించి పడుకుని ఉంది. నోలీన్ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోవడానికి కూడా కాస్త ఓపిక మిగలాలి కదా.

ఆ బండికి ఆమె పెట్టిన పేరు దొరసాని. భర్త క్లెమ్ దాన్ని బ్రిస్బేన్‌లో ఒక పళ్ళ డాక్టరు దగ్గర కొన్నాడు. ఊళ్ళో అందరి బండ్లకీ చక్రాల దగ్గర ఇనుప స్ప్రింగులుంటే దీనికి గాలి నింపిన రబ్బరు తిత్తులున్నాయి. ఒక మీట నొక్కితే లేస్తుంది, ఇంకోటి నొక్కితే వంగుతుంది. రాళ్ళ మీద కూడా తేలిపోతుందని క్లెమ్ వర్ణన. నిజమే, తిత్తుల్లో గాలి ఉన్నంతసేపూ తేలేది. ఆ ఎండకీ ఎర్ర దుమ్ముకీ రబ్బరు పగిలాక, రాత్రంతా సన్నగా నిట్టూరుస్తూ పొద్దుటికి కూలబడడం నేర్చుకుంది.

"దానికి కాస్త విశ్రాంతి కావాలి, అంతే," అన్నాడు క్లెమ్, టీ కప్పు పట్టుకుని వెనకాలే వచ్చి.

"రాత్రంతా పడుకునే ఉందిగా. ఏం కష్టపడిందని?"

"నీకు ఇంజనీరింగ్ అర్థం కాదులే నోలీన్."

"కూలబడ్డవి బాగానే అర్థమవుతాయి. పోయినేడు చూశానుగా."

పోయినేటి సంగతి ఆ ఇంట్లో ఎత్తకూడదని ఒక ఒప్పందం ఉంది. అందుకని రోజుకి ఒక్కసారే ఎత్తేవాళ్ళు. కుల్‌బారా ఊళ్ళో ఏటా జరిగే పశువుల ప్రదర్శనలో స్పాంజి కేకుల పోటీ ఉంటుంది. ఆ పొద్దున్నే, సొంత పొయ్యిలో కాల్చి తేవాలి. నోలీన్ బాతుగుడ్లతో చేసిన స్పాంజి మబ్బుతునకలా పొంగింది. సగం దారిలో, ఎండిన వాగు దాటుతుంటే ముందు తిత్తి ఒకటి పగిలింది. దొరసాని మోకాళ్ళ మీద పడింది. దానితోపాటు స్పాంజీ పడింది. అయినా నోలీన్ దాన్ని తీసుకెళ్ళి బల్ల మీద పెట్టింది. తీర్పు చెప్పే ఈనిడ్ ప్రౌస్ చాలాసేపు చూసి, "రంగు బాగుంది," అంది. ఆ ప్రాంతంలో ఒక కేకుని అంతకన్నా ఘోరంగా ఎవరూ తిట్టలేరు.

మొదటి బహుమతి ఎప్పటిలాగే వాల్ హార్టిగన్‌కి వెళ్ళింది. వాల్ ఇల్లు ప్రదర్శన మైదానానికి ఎదురుగానే. ఆమె స్పాంజి చేసే మహా ప్రయాణమల్లా ఒక రోడ్డు దాటడం.

బహుమతి మాట తర్వాత. నోలీన్‌కి కావలసింది ఒక్కటే: తన స్పాంజి పొయ్యిలోంచి దిగిన ఆకారంలోనే బల్ల ఎక్కాలి. దొరసాని ఇంటికొచ్చాక అది ఒక్కసారీ జరగలేదు. ఉన్న ఇంకో బండి కుక్కలు తిరిగే పాత ట్రక్కు. అందులో పెడితే కేకు మళ్ళీ పిండిగా మారి దిగుతుంది.

టీ తాగడానికొచ్చిన మరిది డడ్లీని అడిగింది. పెరటి అవతల గదిలో ఉంటాడతను. విప్పడం అతనికి బాగా వచ్చు, బిగించడం కూడా చాలాసార్లు వచ్చు.

"తిత్తులు పీకేసి ఇనుప స్ప్రింగులు వేసేద్దాం వదినా. ఇక అది పడుకోమన్నా పడుకోదు."

"దానికి స్ప్రింగులు వేసిన రోజు నేనందులో కాలు పెట్టను," అన్నాడు క్లెమ్.

"మంచిది. సీటు కలిసొస్తుంది," అంది నోలీన్.

స్ప్రింగులు వచ్చిన రోజు డడ్లీ బండిని జాకీల మీద ఎత్తి, చక్రాలు ఊడదీసి, వడిలిపోయిన నాలుగు తిత్తుల్నీ లాగి పడేశాడు. క్లెమ్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, దూరపు బంధువు అంత్యక్రియలకి వచ్చినవాడిలా నిలబడ్డాడు. పనయ్యాక దొరసాని ఒంటెలా ఎత్తుగా నిలబడింది. మర్నాడు పొద్దున కూడా నిలబడే ఉంది. లోపల మాత్రం తిత్తుల్లో గాలి లేదని హెచ్చరించే పసుపు దీపం వెలుగుతూనే ఉంది. దాన్ని ఆర్పే చిన్న పెట్టె ఇంకా పోస్టులో ఉందిట.

"చూశావా, ఏడుస్తోంది," అన్నాడు క్లెమ్.

డడ్లీ దీపం మీద నల్ల టేపు అంటించాడు. "ఇక ఏడవదు."

నోలీన్ ఏదీ పరీక్షించకుండా నమ్మే మనిషి కాదు. ఒక స్పాంజి చేసి, పక్క సీట్లో పెట్టుకుని గేటు దాకా వెళ్ళి వచ్చింది. ఆ దారి పొడుగునా రేకుల కప్పులాంటి గతుకులు. ప్రతి గతుక్కీ బండి ఎగిరింది, ఎగిరినప్పుడల్లా కేకు కుంగింది. తిరిగొచ్చేసరికి డబ్బాలో ఉన్నది చెంచాతో తినాలి.

"డడ్లీ, స్ప్రింగులు కొనేటప్పుడు ఏం చెప్పావు?"

"ఏం బరువు మోస్తుందని షాపువాడు ఫోనులో అడిగాడు వదినా. ముందు ఇనుప కమ్మీ, బురదలోంచి బండిని లాగే విన్చీ, రెండో డీజిల్ ట్యాంకు, నీళ్ళ ట్యాంకు, ఫ్రిజ్జు, పైన సామాను చట్రం అని చెప్పా."

"అవన్నీ మనకెక్కడివి?"

"లేవనుకో. కానీ షాపువాడు అడిగితే ఏ మగాడైనా 'ఒక కేకు' అని చెప్తాడా?"

చెప్పడు. ఆ చుట్టుపక్కల కూరగాయలకి వెళ్ళే బండి కూడా ఎడారి దాటడానికే సిద్ధమై ఉంటుంది. ఖాళీ బండిలో ఆ స్ప్రింగులు వంగనే వంగవనీ, అర టన్ను ఎక్కిస్తే దూదిలా ఉంటాయనీ డడ్లీ వివరించాడు. ఈ ఏటి ప్రదర్శనలోపు వేరే స్ప్రింగులు తెప్పించే వ్యవధి లేదు. నోలీన్ కాసేపు ఆలోచించి, వరండాలో వాలుకుర్చీని నిండా ఆక్రమించుకున్న భర్త వైపు చూసింది.

ప్రదర్శన రోజు పొద్దున్నే పశువులు నాకే ఉప్పు దిమ్మలూ, నీళ్ళ పీపాలూ వెనక ఎక్కించి తాళ్ళతో బిగించారు. వెనక సీట్లో డడ్లీ ఎక్కాడు. నోలీన్ బంపరు నొక్కి చూసింది.

"ఇంకా బిగుసుకునే ఉంది. క్లెమ్, రా."

"కాలు పెట్టనన్నానుగా."

"కాలు నువ్వే ఉంచుకో. మిగతాదంతా కావాలి."

క్లెమ్ వెళ్ళి వెనక కూర్చున్నాడు. దొరసాని మొదటిసారి మర్యాదగా ఓ బెత్తెడు కిందికి దిగింది. ముందు సీట్లో మడతపెట్టిన దుప్పటి మీద కేకు డబ్బా, దానికి బెల్టు. నోలీన్ ఎద్దుబండి తోలినంత నిదానంగా తోలింది. ఎండిన వాగు దగ్గర ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. బండి మెల్లగా దిగి, మెల్లగా ఎక్కింది.

"అదే గాలి తిత్తులయితే..." మొదలెట్టాడు క్లెమ్.

"మాట్లాడకు. ఊపిరి వదిలితే బరువు తగ్గుతావు."

బల్ల మీద స్పాంజి పొయ్యిలోంచి దిగినట్టే నిలబడింది. ఈనిడ్ ప్రౌస్ వంగి, కళ్ళని బల్ల ఎత్తుకి తెచ్చి చూసింది. వేలితో నొక్కింది. కోసింది. "రంగు కాస్త ఎక్కువైంది," అంది. వాల్‌కి మొదటిది, నోలీన్‌కి రెండోది.

ఆకారం గురించి ఈనిడ్ ఒక్క మాట కూడా అనలేదు. అనడానికి ఏమీ దొరకలేదు మరి. నోలీన్ ఆ మౌనాన్ని రిబ్బను కన్నా జాగ్రత్తగా దాచుకుంది.

బీరు గుడారంలో క్లెమ్ అప్పటికే ఎవరికో చెబుతున్నాడు: "స్ప్రింగులు ఎవడైనా వేస్తాడు. బరువు సరిగ్గా పడాలి. అదీ ఇంజనీరింగ్."

తిరుగు ప్రయాణంలో ముందు సీటు తలుపు తెరిచాడు. సీట్లో రెండో బహుమతి రిబ్బను ఉంది, బెల్టు పెట్టుకుని.

"వెనక్కి," అంది నోలీన్.