రెండో మీట స్ప్రింగు

అరవై ఒకటో నంబరు మోసం చేసిందని లీడరు తేల్చేయడానికి సరిగ్గా నాలుగు నిమిషాలు పట్టింది.

తెర వెనక ట్రంపెట్ ఆగిపోయింది. హాల్లో న్యాయనిర్ణేతలు ముగ్గురు. యువ జాజ్ బ్యాండు లీడరు పెన్నుకు మూత పెట్టి బల్ల మీద పడేశాడు. పియానో మాస్టారు తన గళ్ళనుడికట్టులోంచి తల పైకెత్తాడు. మూడో మనిషికి మాత్రం ఎవరో చెంప పగలగొట్టినట్టుంది.

ఆ మూడో మనిషిని బ్యాండులో అందరూ పాముచెవుల మేడమ్ అంటారు. ఎదుట మేడమ్ అని, చాటున మిగతాదీ కలిపి. ఇరవై రెండేళ్ళుగా ఆమె పని ఒక్కటే. ఏ మేడ మీదో, ఏ మెట్ల కిందో ట్రంపెట్ ఊదుకుంటున్న కుర్రకారులోంచి అసలైనవాళ్ళను ఏరి పట్టుకురావడం. ఇన్నేళ్ళలో దొరికింది ఏడుగురు. గడిచిన మూడేళ్ళలో ఒక్కరూ లేరు.

ఈ ఏడు రెండు వందల పన్నెండు రికార్డింగులు వచ్చాయి. పేర్లుండవు, నంబర్లే. జాజ్‌లో సోలో అంటే అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించాలి. వీళ్ళు బట్టీపట్టి వాయించారు. ముప్పై ఏడుగురైతే సరిగ్గా ఒకే చోట ఊపిరి పీల్చుకున్నారు. ఒకే మాస్టారి శిష్యులై ఉంటారు. ముప్పై ఏడో ఊపిరి వినపడగానే మేడమ్ హెడ్‌ఫోన్స్ తీసి సోఫా మీదికి విసిరేసింది.

ఆ తర్వాత వచ్చింది అరవై ఒకటి.

పాట మధ్యలో ఒక స్వరం ఆలస్యంగా వచ్చింది. కింది నుంచి పాక్కుంటూ, తడబడుతూ, ఏడుపు దిగమింగుకున్న మనిషి ఫక్కున నవ్వినట్టు. మేడమ్ దాన్ని పంతొమ్మిది సార్లు విన్నది. లీడరుతో పోట్లాడి అరవై ఒకటిని చివరి ఇద్దరిలోకి తెచ్చింది. రెండో వ్యక్తి పదిహేడో నంబరు. తప్పు పట్టడానికి లేదు, ప్రాణం పెట్టడానికీ లేదు. బ్యాండులో ఖాళీ ఒక్కటే. రెండు వారాల్లో కచేరీలకు ప్రయాణం.

ఇప్పుడు ఆ స్వరం రాలేదు. వచ్చినవి కూడా ఎవరో తరుముతున్నట్టు ఒక అడుగు ముందే వచ్చి పడ్డాయి.

"ఎవరిదో రికార్డింగు పంపింది," అన్నాడు లీడరు. "రూలు తెలుసుగా? రికార్డింగుకీ, ఇక్కడ వాయించినదానికీ పొంతన లేకపోతే మూడేళ్ళు నిషేధం. మిగతా బ్యాండులన్నిటికీ ఉత్తరం వెళ్తుంది. ఒంటిగంటకి సంతకాలు పెట్టేద్దాం."

"నేను మాట్లాడొస్తా."

"ఎందుకండీ? పాముచెవులకి కూడా ఒక్కోసారి గుబిలి పడుతుంది. ఫర్వాలేదు."

మేడమ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. గడియారం చూసింది. పదకొండుంపావు.

కింది అంతస్తులో అచ్చు యంత్రాలు. ఆ చప్పుడుకు మెట్లు సన్నగా వణుకుతుంటాయి. మధ్య అంతస్తులో వేచి ఉండే గది నిజానికి పాత స్టాండులు, చిరిగిన డ్రమ్ములు పడేసే కొట్టు. అందులో ఒక డ్రమ్ము మీద కూర్చుని ఉంది అరవై ఒకటి. పదిహేడేళ్ళ పిల్ల. లాండ్రీలో పని, దుప్పట్లు విడదీసి లెక్కకట్టడం. వేళ్ళ చివర్లు సబ్బునీళ్ళకు పాలిపోయి ఉన్నాయి. ఒళ్ళో ట్రంపెట్ తళతళలాడుతోంది.

"రికార్డింగులో వాయించింది ఎవరు?" అంది మేడమ్, గుమ్మంలోంచే.

"నేనే."

"మరి పొద్దున్న వాయించింది?"

"అదీ నేనే," అంది పిల్ల. "మీరు తిట్టాలనుకుంటే తిట్టేయండి మేడమ్. ముందు లోపలికి రండి, తలుపు తగిలి ఆ స్టాండు మీ మీద పడుద్ది."

నిజంగానే పడింది. మేడమ్ మోచెయ్యి రుద్దుకుంటూ లోపలికొచ్చింది.

"ఏమైంది మరి?"

"ట్రంపెట్ బాగైంది." పిల్ల మధ్య మీట మీద వేలు పెట్టి చూపించింది. "రెండో మీట నాలుగేళ్ళుగా పాడు. నొక్కితే దిగేది, వదిలితే పైకొచ్చేది కాదు. బద్ధకంగా ఎప్పటికో వచ్చేది. అందుకని దానికంటే ముందే వేలు కదపడం అలవాటు చేసుకున్నా. మొన్న మా బాబాయి కొత్త స్ప్రింగు వేశాడు. ఇప్పుడది టక్కున లేస్తోంది. వేలేమో పాత లెక్కలోనే ఉంది."

మేడమ్ బుర్రలో ఏదో కదిలింది. పాక్కుంటూ వచ్చిన స్వరం. బద్ధకంగా లేచే మీట.

"ఫైనల్‌కి రెండు రోజుల ముందు ఎవరైనా ట్రంపెట్ విప్పుతారా? బుద్ధుందా?"

పిల్ల సంచిలోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. బ్యాండు ఆఫీసు పంపిన పిలుపు. చివరి పేరా కింద పెన్సిల్‌తో గీత గీసి ఉంది.

'అభ్యర్థులు తమ వాయిద్యాన్ని పూర్తిగా మరమ్మతు చేయించి, ఏ లోపమూ లేని స్థితిలో తీసుకురావాలి. లేనిచో అనుమతించబడరు.'

ఆ వాక్యం మేడమ్‌కు కంఠతా వచ్చు. పదకొండేళ్ళ క్రితం ఒక కుర్రాడి మీట స్టేజీ మీద బిగుసుకుపోతే, పట్టుబట్టి ఉత్తరంలో చేర్పించింది తనే. 'అనుమతించబడరు' దగ్గర గుమాస్తా నసిగితే, అలాగే ఉండనీ, అప్పుడే భయపడతారు అన్నదీ తనే.

బుర్ర గోడకేసి కొట్టుకుందామంటే గోడంతా స్టాండులే.

అప్పుడే బాబాయి వచ్చాడు, రెండు చేతుల్లో రెండు టీ కప్పులతో. కుట్టుమిషన్ల మెకానిక్. చొక్కా ఇస్త్రీదే, గోళ్ళలో మాత్రం నూనె నలుపు.

"మేడమ్ గారా? కూర్చోండి, కూర్చోండి. నా టీ మీరు తాగండి. బుజ్జీ, చెప్పావా మేడమ్‌కి?" జేబులోంచి చిన్న పొట్లం తీసి విప్పాడు. అరిగి, ఒకవైపు వంగిపోయిన స్ప్రింగు. "చూడండి దీని అవతారం! నాలుగేళ్ళు దీంతో ఊదింది పిచ్చితల్లి. నాకు ఒక్క మాట చెబితేగా! మీ ఉత్తరం రాబట్టి బయటపడింది. రెండు రోజులు షాపు కట్టేసి కూర్చున్నా. సరైన కొలత దొరక్క తొమ్మిది స్ప్రింగులు కోశాను. ఇప్పుడు ఎలా ఉంది మేడమ్, సౌండు?"

పిల్ల బాబాయి భుజం వెనక నుంచి మేడమ్ వైపు చూసింది. వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"బాగుంది," అంది మేడమ్. "ఈ స్ప్రింగు కాసేపు నా దగ్గరుంచుతాను."

"ఉంచేసుకోండి! అందరికీ చూపించండి!"

మేడమ్ రెండేసి మెట్లెక్కి పైకొచ్చింది. లీడరు అప్పటికే నిషేధం కాగితం ముందు పెట్టుకున్నాడు. మేడమ్ దాని మీద స్ప్రింగు పెట్టి సంగతంతా చెప్పింది.

లీడరు దాన్ని వేళ్ళతో పట్టుకుని వెలుతురులో చూశాడు. "అయితే మీకు నచ్చింది పిల్ల కాదన్నమాట. ఇది. సీటు దీనికే ఇద్దామా? భోజనం ఖర్చు కూడా ఉండదు."

పియానో మాస్టారు కిసుక్కున నవ్వాడు. మేడమ్ చూసిన చూపుకు మళ్ళీ గళ్ళల్లో దూరాడు.

"చెడిపోయిన మీటతో మీరు ఒక్క పాట వాయించండి చూద్దాం. కోడి గొంతు పిసికినట్టుంటుంది. ఆ పిల్ల దాన్ని లొంగదీసుకుంది!"

"నిరూపించమనండి. ఒంటిగంటకి ఇంకోసారి విందాం. ఆ సౌండు వినపడితే మోసం కాదని రాస్తా, సీటుకీ చూస్తా. లేదంటే ఇక నన్ను విసిగించకండి."

ఇంకా గంటంపావు ఉంది. మేడమ్ స్ప్రింగు గుప్పిట్లో బిగించి కిందికి పరిగెత్తింది. ఇంతకంటే సులువు ఏముంది? కొత్తది తీసి పాతది వేస్తే పని అయిపోయినట్టే. బాబాయిని ట్రంపెట్ నూనె సీసా కొనుక్కురమ్మని రెండు వీధుల అవతలికి పంపించింది.

"తియ్. ఇది వేసెయ్."

పిల్ల స్ప్రింగును చూసింది. చెయ్యి చాపలేదు.

"వెయ్యను."

"ఏంటీ?"

"వెయ్యను మేడమ్."

"నీకు అర్థమవుతోందా? మూడేళ్ళు ఏ బ్యాండూ గుమ్మం తొక్కనివ్వదు నిన్ను! ఇది వేసుకుని ఆ ఒక్క స్వరం వాయించు, సీటు నీదే!"

"ఏ స్వరం?" పిల్ల ఒక్కసారిగా లేచింది. డ్రమ్ము దొర్లి గోడకు కొట్టుకుంది. "ఆ పాకే స్వరమా? నాలుగేళ్ళు దాన్ని తిన్నగా వాయించాలనే చచ్చాను నేను! రికార్డింగు పదకొండు సార్లు చేశా. పదకొండు సార్లూ అక్కడే జారింది. చివరికి విసుగొచ్చి పంపేశా. మీకు నచ్చింది నా తప్పా మేడమ్?"

మేడమ్ చాచిన చెయ్యి దించింది.

"ఇంకోటి. బాబాయి సీసా తీసుకుని వచ్చేస్తాడు. వచ్చి ఇది విప్పి ఉండటం చూస్తాడు. తన పని వల్లే నా సీటు పోయిందని తెలిస్తే మనిషి అన్నం మానేస్తాడు. మీకు తెలీదు ఆయన సంగతి."

కింది అచ్చు యంత్రాలకు గది మొత్తం గడగడలాడుతోంది. మేడమ్ స్ప్రింగును మళ్ళీ గుప్పిట్లో పెట్టుకుంది. పంతొమ్మిది సార్లు విని కూడా, ఆ స్వరం వెనక పళ్ళు నూరుకుంటున్న మనిషి ఉందని తన చెవికి తట్టలేదు.

"సరే," అంది చివరికి. "స్ప్రింగు వద్దు. పాత మీట ఎక్కడ ఆగేదో నీ వేలికి గుర్తుందా?"

"కళ్ళు మూసుకుని చెబుతా."

"అయితే మీటను పూర్తిగా నొక్కకు. సరిగ్గా అక్కడ ఆపు. నువ్వే ఆపు."

మొదటిసారి గురగురమంది. రెండోసారి గాలి తప్ప ఏమీ రాలేదు. మూడోసారి వచ్చిన చప్పుడుకు పక్క గదిలో పదిహేడో నంబరు సాధన ఆపేశాడు.

"మళ్ళీ," అంది మేడమ్.

"పెదాలు పగిలిపోతున్నాయి."

"మళ్ళీ."

బాబాయి సీసాతో తిరిగొచ్చేసరికి పిల్ల ఇరవయ్యోసారి విఫలమైంది. ఆయన ముఖం విప్పారింది. "మీటలు చూశారా మేడమ్, ఎంత హాయిగా కదులుతున్నాయో!"

ఒంటిగంట. తెర. ముగ్గురు.

పాట మొదలైంది. వేళ్ళు ఇంకా ముందే పరిగెడుతున్నాయి. లీడరు పెన్ను మూత తీశాడు. రెండో చరణం కూడా అంతే. మేడమ్ బల్ల కింద స్ప్రింగును ఎంత గట్టిగా పట్టుకుందంటే అరచేతిలో గాటు పడింది.

అప్పుడు, రికార్డింగులో లేని చోట, ఎవరూ అనుకోని చోట, ఆ స్వరం వచ్చింది. కింది నుంచి పాక్కుంటూ, తడబడుతూ. వెంటనే అదే స్వరం మళ్ళీ, ఈసారి తిన్నగా, గీత గీసినట్టు. మళ్ళీ వంకర. మళ్ళీ తిన్నగా. పియానో మాస్టారి చేతిలో పెన్సిల్ గడి మధ్యలో ఆగిపోయింది.

ఆ తర్వాత వేళ్ళు మళ్ళీ దారి తప్పాయి. పాట ఎలాగో ముగిసింది.

లీడరు నిషేధం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చించేశాడు. "మోసం కాదు. ఒప్పుకుంటున్నా."

"సీటు?"

"పదిహేడు."

"మీరు విన్నారు కదా!"

"విన్నా. ఆ నాలుగు స్వరాలూ బంగారం. మిగతా పాటంతా ఎవరు వాయిస్తారు, మీరా? రెండు వారాల్లో స్టేజీ ఎక్కాలి. ఆ వేళ్ళు దారిలో పడటానికి ఆరు నెలలు పడుతుంది."

మేడమ్ పియానో మాస్టారి వైపు తిరిగింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "నాకు మనసులో ఆ పిల్లేనమ్మా. కానీ ఓటు పదిహేడుకే. నువ్వు మాత్రం కాదని చెప్పగలవా?"

చెప్పలేకపోయింది. వచ్చిన చిక్కే అది. చెవులు అబద్ధమాడవు. పాత మీటతో వచ్చి ఉంటే ఆ పిల్ల గెలిచేది. ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం లేకపోతే పాత మీటతోనే వచ్చేది.

మెట్ల దగ్గర పిల్లకు తనే చెప్పింది. పిల్ల విని, "ఆరు నెలలా?" అంది. "లాండ్రీకి సోమవారం సెలవు. ఆ రోజు రావచ్చా?"

"తొమ్మిదింటికి రా. ఆలస్యమైతే తలుపెయ్యిస్తా."

బాబాయి కింది మెట్టు మీద నుంచి అరిచాడు. "ఏమైంది బుజ్జీ? వచ్చిందా?"

"ఈసారికి రాలేదు బాబాయ్. పోటీ గట్టిగా ఉంది. నీ మీట ఉండబట్టి ఆ మాత్రమైనా వాయించా. పాతదైతే పరువు పోయేది."

"అదే అనుకున్నా!" అన్నాడాయన. "మేడమ్, ఆ పాత స్ప్రింగు పారేశారా?"

"పారేశాను," అంది మేడమ్. గుప్పిట విప్పలేదు.

వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా చూసి, తిన్నగా ఆఫీసు గదిలోకి వెళ్ళింది. గుమాస్తా భోజనం ముగించి చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఆ పిలుపు ఉత్తరంలో చివరి పేరా తీసేయాలి. ఇప్పుడే."

"వచ్చే ఏడాదివా మేడమ్? అచ్చయిపోయాయిగా." బీరువా పక్కన తాడు కట్టిన కట్టలు చూపించాడు. "ఐదు వందలు. కిందివాళ్ళు ఖాళీగా ఉన్నారని నిన్ననే వేయించేశా. మంచి పని చేశాను కదా?"

మేడమ్ కుర్చీ లాక్కుంది. ఒక కట్ట తాడు పళ్ళతో కొరికి తెంపింది.

"పెన్నివ్వు."

ఒకటో ఉత్తరంలో చివరి పేరా కొట్టేసింది. రెండోది. మూడోది. గీత గట్టిగా, అక్షరం కనబడకుండా.

"అన్నీ చేత్తోనేనా మేడమ్?"

నలభయ్యో ఉత్తరం దగ్గర పెన్ను రాయడం మానేసింది. మేడమ్ దాన్ని రెండుసార్లు విదిలించి, కిటికీలోంచి విసిరేసి, తలెత్తకుండానే చెయ్యి చాపింది.

"ఇంకోటివ్వు."