హార్డ్‌కీ హార్డ్‌లీకీ నడుమ

ఐ వర్క్ హార్డ్‌లీ అని భూలక్ష్మి వెన్ను నిటారుగా పెట్టి జవాబు చెప్పగానే, బల్ల అవతల కూర్చున్న ఆఫీసర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. కష్టపడి పని చేస్తావా అని ఇంగ్లీషులో అడిగారు, చేస్తానని తాను ఇంగ్లీషులోనే చెప్పింది. అందులో నవ్వడానికేముందో ఆమెకు అంతుపట్టలేదు.

అది డెబ్బై నాలుగో సంవత్సరం. బాలానగర్‌లో కొత్తగా తెరిచిన ఒక కార్ఖానాలో టెలిఫోన్ ఆపరేటర్ కావాలన్నారు. నిజాంపేట నుంచి అటువంటి పనికి అంతకుముందు ఏ ఆడపిల్లా వెళ్లలేదు.

బయటికొచ్చి వరండాలో నిలబడితే, లోపల ఆఫీసర్ల పక్కన కూర్చున్న రత్నమాల అనే సీనియర్ ఆపరేటర్ వెనకాలే వచ్చింది. హార్డ్ అంటేనే కష్టపడి అని అర్థమనీ, హార్డ్‌లీ అంటే చేసీ చేయనట్టు అనీ మెల్లగా విడమరిచింది. నేనసలు పనే చేయనని భూలక్ష్మి తన నోటితో తానే చెప్పుకుందన్నమాట. ఎవరు నేర్పారని రత్నమాల అడిగింది. తానే నేర్చుకున్నానంది భూలక్ష్మి.

నేర్పింది పద్మావతి. గుడివాడ వైపు నుంచి వచ్చి, భూలక్ష్మి వాళ్లింట్లోనే ముందు గదుల్లో కిరాయికి ఉంటోంది. భర్త డ్యూటీకి వెళ్లాక పొద్దుపోక భూలక్ష్మికి ఇంగ్లీషు చెప్పడం మొదలుపెడితే, వాడకట్టులోని ఆడపిల్లలంతా వచ్చి అరుగు నింపేశారు. ఆంధ్రా వాళ్లకు ఇల్లెందుకిచ్చావని భూలక్ష్మి తల్లి నీలమ్మను నిలదీసినవాళ్లు ఆ ఊళ్లో ఉన్నారు. పద్మావతి తప్పు నేర్పిందని తెలిస్తే వాళ్లకు పండగే.

దారి పొడుగునా భూలక్ష్మికి కోపం పొంగుకొచ్చింది. చేతికందిన ఉద్యోగం ఒక్క మాటతో పోయింది. తీరా ఇల్లు చేరేసరికి పద్మావతి గుమ్మంలోనే ఎదురుచూస్తోంది, కాఫీ కలిపి పెట్టింది. ఎలా చేశావని అడిగితే, బాగానే చేశానని చెప్పి భూలక్ష్మి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు అరుగు మీద పిల్లలు పాఠం వల్లిస్తున్నారు. క్విక్, క్విక్‌లీ. స్లో, స్లోలీ. హార్డ్, హార్డ్‌లీ. భూలక్ష్మి వింటూ ఉండలేకపోయింది. తను ఊరుకుంటే రేపు వీళ్లంతా అదే మాట పట్టుకుని పోయి అదే నవ్వు మూటగట్టుకొస్తారు. పిల్లలు వెళ్లేదాకా ఆగి, జరిగిందంతా చెప్పింది. పద్మావతి లేచి లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఆ తర్వాత పిల్లలు వస్తే తలనొప్పి అని పంపించేసింది. అరుగు బోసిపోయింది. చివరికి భూలక్ష్మే తలుపు నెట్టుకుని లోపలికి వెళ్లింది.

"నాకు వచ్చిందే అంతంతమాత్రం, భూలక్ష్మీ," అంది పద్మావతి తల వంచుకుని. "పెద్ద పంతులమ్మలాగా కూర్చున్నాను. నా మూలంగా నీ ఉద్యోగం పోయింది."

"పోతే ఇంకోటి వస్తది, అక్కా. అంతమంది ఆఫీసర్ల ముందట వణకకుంట ఇంగ్లీషు మాట్లాడిన. ఆ ధైర్యం నాకు ఎవరిచ్చిన్రు? ఒక్క మాట తప్పయితే దిద్దుకుందం. రత్నమాల మేడమ్ సనత్‌నగర్‌ల ఉంటదంట, ఐతారం వస్తే నేర్పుతనని ఆనాడే అన్నది. ఇద్దరం పోదం."

ఆదివారం పద్మావతి ఇస్త్రీ చీర కట్టుకుని ముందే తయారైంది.

రత్నమాల వాళ్లను కూర్చోబెట్టి, తాను కొత్తలో చేసిన ఘనకార్యం చెప్పింది. హ్యాంగ్ ఆన్ అంటే లైన్లో ఆగమని, హ్యాంగ్ అప్ అంటే ఫోన్ పెట్టేయమని అర్థం. అది తెలియక, ఢిల్లీ నుంచి ట్రంకు కాల్ చేసిన ఒక పెద్దాయనను హ్యాంగ్ అప్ సర్ అని మర్యాదగా బతిమాలిందట. ఆయన నిజంగానే పెట్టేశాడు. పద్మావతి పమిట అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఇన్నాళ్లకు ఆమె నవ్వడం చూసి భూలక్ష్మి మనసు కుదుటపడింది.

ఆ మర్నాడే పద్మావతి పిల్లలందరినీ పిలిపించి, తాను తప్పు చెప్పానని, ఆ తప్పేమిటో, ఒప్పేమిటో అరుగు మీద అందరి ముందూ చెప్పింది. వినడానికొచ్చిన అమ్మలక్కలు గుసగుసలాడుకున్నారు. కానీ పిల్లలెవరూ మానలేదు. ఆదివారాలు సనత్‌నగర్ ప్రయాణం ఇద్దరికీ అలవాటైపోయింది. లూజ్‌కీ లాస్‌కీ, క్వైట్‌కీ క్వయెట్‌కీ, బారో చేయడానికీ లెండ్ చేయడానికీ ఉన్న తేడాలు దారిలో ఒకరినొకరు అడుగుతూ బస్సులో కూర్చునేవాళ్లు.

వానాకాలం వెళ్లేసరికి అమీర్‌పేటలో ఒక ఆఫీసు వాళ్లు భూలక్ష్మిని ఆపరేటర్‌గా తీసుకున్నారు. పద్మావతి ఆ ఏడే ప్రైవేటుగా బీఏ పరీక్షకు కట్టింది. అరుగు చాలడం లేదని నీలమ్మ గొడ్లను పెరట్లోకి మార్చి, కొట్టాన్ని కడిగించి సున్నం వేయించింది. ఆంధ్రా వాళ్లకు ఇల్లెందుకిచ్చావని నిలదీసిన రాజయ్య, ఒక పొద్దున తన కోడలిని వెంటబెట్టుకొచ్చి, ఈమెకు కూడా జర నేర్పించమ్మా అని పద్మావతిని అడిగాడు. ఆమె చాప జరిపి చోటిచ్చింది.