ఉన్నదాన్నే పెంచే పెట్టె

మైకుకు తొడిగిన స్పాంజిని కోడలు ముక్కు మూసుకుని ఉతుకుతుంది. వారం వారం అదే తడి, అదే సిగరెట్ కంపు. మొగుడు నోరు తెరిస్తే మాట కంటే ముందు తుంపర బయల్దేరుతుంది. ఆయన పరుపుల షోరూం యజమాని. పగలంతా కొనేవాళ్ళ ముందు తేనెలొలికించిన నోరు, ఇంటికొచ్చాక ఆ తేనె ఖరీదు ఇంట్లోవాళ్ళ దగ్గర వసూలు చేసుకుంటుంది. అలాంటి నోటికి ఈ మైకు దొరకడమే అన్యాయమని ఆమె ఉద్దేశం.

మైకు నిజానికి అత్తగారిది. ఆవిడ ఓడలకు సందేశాలు పంపే కేంద్రంలో ఆపరేటరుగా పనిచేసి, రిటైరయ్యాక ముందు గదిలో అమెచ్యూర్ రేడియో పెట్టుకుంది. ఆదివారం సాయంత్రం ఎక్కడెక్కడి స్నేహితులో ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలుస్తారు. ఒకరి మాట మీద ఇంకొకరు పడకుండా, వరసగా పేరు పెట్టి పిలిచి మాట్లాడించే పెద్దరికం ఆవిడది. అందరికీ ఆవిడ 'అక్కగారు'.

పోయినేడు గొంతుకు ఆపరేషన్ జరిగింది. గొంతు దక్కింది గానీ దారప్పోగంత అయిపోయింది. కీళ్ళనొప్పులతో మైకు బొత్తాం నొక్కి పట్టుకోవడం కూడా కష్టమైంది. అత్త దగ్గరే ఈ విద్య నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్న కోడలు, అప్పుడు సెట్టులో ఒక ఏర్పాటు చేసింది. బొత్తాంతో పనిలేదు. మైకుకు మాట అందితే చాలు, సెట్టు దానంతటదే ప్రసారంలోకి వెళ్తుంది. మాట ఆగిన కాసేపటికి మళ్ళీ వినడంలోకి వస్తుంది. ఆ సన్నని గొంతు ఒక్క ముక్క కూడా జారిపోకూడదని మైకును చివరిదాకా పెంచి పెట్టింది.

సరిగ్గా అప్పుడే కొడుక్కి తల్లి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఎప్పుడో తల్లి పోరు పడలేక తెచ్చుకున్న లైసెన్సు దుమ్ము దులిపి, ఇద్దరు మనుషులు మోస్తే గానీ కదలని పవర్ యాంప్లిఫయర్ ఒకటి ఇంటికి తెచ్చాడు.

"అమ్మ గొంతు పెంచేద్దామని తెచ్చా" అన్నాడు.

అత్తగారు ఆ ఇనప్పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "ఇది గొంతుకి మందు కాదురా. సెట్టు వంద వాట్లిస్తే దాన్ని వెయ్యి చేసి యాంటెన్నాకి పంపుతుంది. ఉన్నదాన్నే పెంచుతుంది. మంచిస్తే మంచిని, చెత్తిస్తే చెత్తని. పైగా దీనికి నోరే గానీ చెవుల్లేవు. అవతలివాడి మాట పిసరంత కూడా పెంచదు" అంది.

"నీకెప్పుడూ ఏదో ఒక వంక" అన్నాడాయన.

ఆనాటి నుంచి ఆ కుర్చీ ఆయనదైపోయింది. యాంప్లిఫయర్‌ను శ్రుతి చేయడం మాత్రం రాదు. దాని ముందువైపున్న రెండు పెద్ద మరలు తిప్పుతూ, మీటరు చూస్తూ కోడలు పక్కన కూర్చోవాల్సిందే. ఆయనకు తెలిసిందల్లా ఒకటే: సూది ఎంత కుడికి పోతే అంత మగతనం. మోయలేని బరువు పెడితే ఆ పెట్టె మాటను పెంచదు, చితక్కొడుతుంది, చితికిన ముక్కలు పక్క ఫ్రీక్వెన్సీల వాళ్ళ మీద కూడా చిమ్ముతాయి అని ఆమె చెప్తూనే ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆమె తగ్గించేది, ఆయన పెంచేవాడు. ఎదురింటి వాళ్ళ స్పీకర్లో ఆయన గొంతు గరగరమంటే, అదీ ఆయనకు గొప్పే.

ఆ ఆదివారం అత్తగారు నొప్పుల మాత్ర వేసుకుని లోపలి గదిలో పడుకుంది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని చేతులు రుద్దుకున్నాడు.

"ఇవాళ్టితో తేల్చేస్తా. ఈ మీటింగు ఇక నేను నడుపుతా."

"అత్తయ్యకి చెప్పారా?"

"చెప్తాలే. నువ్వు ముందు పెట్టె వేడెక్కించు."

ఇద్దరూ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నారు. యాంప్లిఫయర్ ఫ్యాను రొదపెడుతూ తిరిగింది. వేడికి దుమ్ము మాడిన వాసన గదంతా నిండింది. ఆయన అలవాటు కొద్దీ మైకు బొత్తాం నొక్కి, షోరూం గొంతు పెట్టాడు.

"అందరికీ నమస్కారం. ఒక బాధాకరమైన సంగతి. అమ్మ ఇక మైకు ముందు కూర్చోలేనంది. 'నా చోటు నువ్వే తీసుకో నాన్నా' అని నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కాదనలేకపోయాను."

కోడలికి ఒళ్ళు మండిపోయింది. అబద్ధాలు ఆమెకు కొత్త కాదు. తల్లికి లేని కన్నీళ్ళు కూడా తెచ్చి అంటగట్టడం కొత్త.

అవతల లైట్‌హౌసులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నాడు. ఆయన్ని అందరూ 'దీపం తాతగారు' అంటారు. "అక్కగారి నోటితో ఒక్క ముక్క వింటే బాగుండేది బాబూ" అన్నాడు.

"పాపం, నిద్రపోతోందండీ. ఎంతైనా తల్లి కదా, లేపబుద్ధి కాలేదు. ఒక్క నిమిషం" అని మొగుడు బొత్తాం వదిలి, హెడ్‌ఫోన్లు మెడ మీదికి జార్చి పెళ్ళాం వైపు తిరిగాడు.

"చూశావా, అప్పుడే మొదలుపెట్టాడు ముసలాడు! గొంతే పెగలదు గానీ మా అమ్మకి పెత్తనం కావాలి, వీళ్ళకి మా అమ్మ కావాలి. చచ్చేదాకా ఒకళ్ళ సోది ఒకళ్ళు వినడం తప్ప వీళ్ళకేం పని?"

కోడలి కళ్ళు మీటరు మీద పడ్డాయి. ఆయన ఒక్కో మాటకూ సూది ఎగిరెగిరి పడుతోంది. ప్రసారం నడుస్తోందని చెప్పే ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. సెట్టు వినడంలోకి రాలేదు. అత్తగారి దారప్పోగు గొంతు కోసం తాను పెంచి పెట్టిన మైకు, ఈ గొంతును ఒక్క ముక్క జారనివ్వకుండా పట్టి వెయ్యి వాట్లకు అందిస్తోంది. పంపుతున్నంతసేపూ సెట్టు వినదు కాబట్టి, అవతల ఎంతమంది ఆగమని అరిచినా ఈ గదిలో వినబడదు.

ఒక్క మాట చెప్తే చాలు. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. తెరిచిన నోరు ఇంకోటి అడిగింది.

"అంటే, అత్తయ్య మీకేమీ చెప్పలేదా?"

ఆ ప్రశ్నకూ సూది ఎగిరింది.

"ఏం చెప్తుంది? అడిగితే ఒప్పుకుంటుందా? రేపట్నుంచి ఈ గదికి తాళం వేస్తా. నెల రోజులు ఏడుస్తుంది, తర్వాత అలవాటైపోతుంది. పీడా వదిలిపోతుంది." ఆయన నవ్వాడు. తుంపర స్పాంజి మీద పడింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. అత్తగారి తలగడ పక్కన చిన్న రిసీవరు ఉంటుంది. చెవిలో పెట్టుకుని గానీ ఆవిడ పడుకోదు.

గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. చెవిలో వైరు ఇంకా వేలాడుతోంది. ఏడవలేదు. ఇనప్పెట్టె దగ్గరికి నడిచి మీట నొక్కగానే ఫ్యాను ఆగిపోయింది. గదిలో అంత నిశ్శబ్దం ఉందని అందరికీ అప్పుడే తెలిసింది.

కొడుకు ఎర్రదీపం వైపు చూశాడు. తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. "పాడు మిషను, దానంతటదే ఆన్ అయింది..." అని గొణిగి, పెళ్ళాం చెవి దగ్గరికి వంగాడు. "ఎంత దూరం పోయుంటుంది?"

"మీరు కొన్నంత దూరం" అందామె.

"జరుగు" అంది అత్తగారు. ఆయన జరిగాడు. ఆవిడ మైకు స్పాంజిని గోటితో ఊడబెరికి చెత్తబుట్టలో పడేసి కూర్చుంది.

"అక్కగారిని మాట్లాడుతున్నాను" అంది. ఆ వంద వాట్ల సెట్టు మీద, ఆ సన్నని గొంతుతో. కోడలు ఊపిరి బిగబట్టింది.

"నెమ్మదిగా కానివ్వండి అక్కగారూ" అన్నాడు దీపం తాతగారు. "మేమందరం నోరు మూసుకున్నాం. బాగానే వినబడుతోంది."

ఆవిడ ఎప్పటిలా ఒక్కొక్కర్నీ పిలిచింది. కొడుకు మాట ఎవరూ ఎత్తలేదు. ఆయన మాత్రం వంటింట్లోకి పోయి కంచం ముందేసుకుని, ఏమీ జరగనట్టు చప్పుడు చేస్తూ నమిలాడు. ఆ నమలడం విన్నప్పుడు కోడలికి పుట్టిన రోత, అంతకుముందు మాటలు విన్నప్పుడు కూడా పుట్టలేదు.

అంతా అయ్యాక అత్తగారు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"నువ్వడిగింది కూడా వినబడిందమ్మాయ్."

కోడలు తల దించుకుంది. "చెప్పి ఆపాల్సింది అత్తయ్యా. ఆపలేదు. మీరు వింటారనుకోలేదు."

"తెలుసు" అంది అత్తగారు, సెట్టు కట్టేస్తూ. "వాడి మాట కంటే నీ మాటే తేటగా వచ్చింది. ఇంకెప్పుడైనా అడగాల్సొస్తే మాత్రం, మైకు మీదికి అంతలా వంగకు. ఊపిరి కూడా వినబడుతుంది."