ఇంకాస్త బిగుతు

"ఆ రాడ్డు మధ్యలో విరిగితే?" అంది తల్లి, కొడుకు ఇంకా చెప్పుల్లో కాళ్ళు పెట్టకముందే.

"ఏ రాడ్డమ్మా? ఇంకా కొననే లేదు," అన్నాడు చిన్నోడు.

"కొన్నాక విరిగితే?"

"కొన్నాకేగా విరగాల్సింది! కొట్లోనే విరిగితే నష్టం కొట్టువాడిది."

ఆమె తీరే అంత. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమె కీడు దాకా ఎంచి అక్కడే చతికిలబడేది. పెద్దమ్మాయి కారు పందేలకు వెళ్ళడం మొదలుపెట్టాక ఆ ఎంచడానికి అంతూ పొంతూ లేకుండా పోయింది. కారు తోలేది అక్క, దాని ఇంజను కట్టేది తమ్ముడు. మేడ మీద కాపురం, కింద షెడ్డు. కూతురికేదైనా అయితే అది కొడుకు చేతుల మీదుగానే అవుతుంది. ఈ ఒక్క మాట తప్ప మిగతా భయాలన్నీ ఆమె పైకి అనేసేది.

ఆదివారం పందెం. ఇంజను ఇంకా వేగంగా తిరగాలంటే పిస్టన్లనూ కింద తిరిగే క్రాంకునూ కలిపే రాడ్లు మార్చక తప్పదన్నాడు చిన్నోడు. ఆమె కూడా కొట్టుకు బయల్దేరింది. వద్దంటే వినే మనిషా?

కొట్టతను గాజు బల్ల మీద రెండు రకాలు పెట్టాడు. ఒకటి లావుగా, బరువుగా ఉంది. రెండోది నడుము సన్నగా, తేలిగ్గా ఉంది. ఆమె చెరో చేత్తో పట్టుకుని చూసి, లావుదాన్ని కొడుకు ముందుకు తోసింది.

"ఇది తీసుకో."

"అది టర్బో బండ్లకమ్మా. మనది ఊరికే గిర్రున తిరిగే ఇంజను. అంత బరువు పైకీ కిందికీ ఊగితే ఆ విసురంతా బోల్టుల మీదే పడుతుంది."

"మరి ఈ బక్కది విరగదా?"

కొట్టతను నవ్వాడు. "రాడ్డు విరగదమ్మా. పోతే ముందు బోల్టు పోతుంది. అదీ బిగింపులో తేడా వస్తేనే."

ఓదార్పుగానే అన్నాడు పాపం. ఆమె అందులోంచి తనకు కావలసిన ముక్క ఏరుకుని ఇంటికి తెచ్చుకుంది. బోల్టు పోతుంది.

శుక్రవారం ఇంజను స్టాండు మీద తలకిందులుగా వేలాడుతోంది. చిన్నోడు రాడ్లను ఒక్కొక్కటే కాటా మీద పెట్టి బరువులు సరిచూశాడు. ఏ రాడ్డు మూత ఆ రాడ్డుకే పడాలి కనుక వాటి మీది అంకెలు ఎదురెదురు పెట్టి చూసుకున్నాడు. బేరింగులకు నూనె రాశాడు. మూతల్ని పట్టి ఉంచే ప్రతి బోల్టుకూ గడియారం లాంటి కొలత బిళ్ళ తగిలించి, ముల్లు మీదే కళ్ళు పెట్టి బిగించాడు.

తల్లి మెట్ల మీద కూర్చుని చూస్తోంది. ఒకప్పుడు మకిలిగా ఉందని కార్బురేటరును సబ్బునీళ్ళలో నానబెట్టినందుకు షెడ్డులో ఆమె హద్దు ఆ మెట్లే. ఇంకోసారి దేని మీదైనా చెయ్యి వేస్తే మెట్లు కూడా దక్కవని కొడుకు అప్పుడే తేల్చి చెప్పాడు.

కొడుకు బిగింపు ఆమెకు నచ్చలేదు. పళ్ళు బిగపట్టలేదు, మొహం ఎర్రబడలేదు, ఒక్క మూలుగైనా లేదు. ఆమె మూత పెట్టిన సీసాను ఆ ఇంట్లో మరొకరు తెరిచిన దాఖలా లేదు. ఆమె కట్టిన కుళాయి విప్పాలంటే పక్కింటివాళ్ళను పిలవాల్సిందే. బిగింపంటే అదీ.

కింద వేసే ఆయిల్ చాంబరుకు ప్యాకింగు తేవడానికి చిన్నోడు బయటికి వెళ్ళాడు. ఆమె మెట్లు దిగింది. సాకెట్టు పానాను బోల్టుకు తగిలించి, పట్టు చాలక పిడికి ఇనుప గొట్టం తొడిగింది. చేతికందేలా పైకి తేలి ఉన్నవి నాలుగు బోల్టులు. మూడు మొరాయించాయి, ఆమెకు ఊపిరి వచ్చింది. నాలుగోది కూడా మొదట మొరాయించింది. తర్వాత ఉన్నట్టుండి వెన్నలో గరిటె తిరిగినట్టు మెత్తగా తిరిగింది.

ఆమె చెయ్యి తీసేసింది. బోల్టు తెగలేదు. చూడ్డానికి మిగతావాటిలాగే ఉంది. సాకెట్టు తుడిచి, ఎక్కడిదక్కడ పెట్టి, మళ్ళీ మెట్లెక్కి కూర్చుంది.

చిన్నోడు వచ్చాడు, ప్యాకింగు వేశాడు, చాంబరు మూసేశాడు. సాయంత్రానికి ఇంజను కారులో కూర్చుంది.

"ఒరేయ్, అదోసారి విప్పి చూడరా," అంది ఆమె, కంచాల ముందు.

ఎవరూ తలెత్తలేదు. అక్క మాత్రం, "నిరుడు చక్రాలు విప్పి చూడమన్నావు. మొన్న ఫ్యాను విప్పి చూడమన్నావు. ఇక మిగిలింది నేనే," అంది. తమ్ముడికి నవ్వుతో పొలమారింది. రోజూ పులి వచ్చిందని అరిచే నోరు కదా, ఈసారి పులి నిజంగా వచ్చినా ఆ నోటికి వేరే అరుపు లేదు.

మర్నాడు పొద్దున అక్క కారులో కూర్చుంది. ముందు షెడ్డులోనే కాసేపు తిప్పి చూడాలి. తల్లి హద్దు మరిచి కారు పక్కకు వచ్చి నిలబడింది.

"విప్పి చూడరా నాయనా."

చిన్నోడికి జాలేసింది. అక్క జుట్టుకున్న రబ్బరు లాగి తీశాడు. "ఇటు చూడమ్మా. బోల్టు కూడా ఇలాంటిదే. కాస్త సాగితేనే పట్టు. ఎంత సాగాలో లెక్కుంది, వెంట్రుక మందం. అందుకే ముల్లు చూసి ఆపాను. అది దాటి బిగించామనుకో, కాసేపు గట్టిగానే ఉంటుంది, తర్వాత చేతికింద హఠాత్తుగా మెత్తబడుతుంది. అంతే, బోల్టు చచ్చినట్టే. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, వేగం అందుకున్నాక ఎప్పుడు తెగుతుందో దానికే తెలీదు. మనం అంతదూరం పోలేదుగా! ఇక స్థిమితంగా ఉండు."

ఆమె కారు దగ్గరికి ఇంకో అడుగు వేసింది.

"విప్పు," అంది.

"మళ్ళీ మొదటికొచ్చిందిరా బాబూ! ఇప్పుడు విప్పితే ప్యాకింగు పాడవుతుంది. ఆ కొట్టు సోమవారం దాకా తెరవరు. పందెం గోవిందా. అక్క ఏడాది నుంచి దీని కోసమే తిరుగుతోంది."

అక్క కిటికీలోంచి తల బయటపెట్టింది. ఆమె బొటనవేలు స్టార్టు మీట మీదే ఉంది. "అమ్మా, భయమైతే భయమను. అది ఎప్పుడూ ఉన్నదే, నేను చూసుకుంటాను. కారణం ఉంటే కారణం చెప్పు. ఉందా?"

తల్లి జవాబులు వెతుక్కుంది. పాడుకల వచ్చిందనవచ్చు. కలంటే నవ్వి మీట నొక్కేస్తుంది. నిజం చెబితే మెట్లు పోతాయి, పందెం పోతుంది, కొడుకు ముందు తన పరువు పోతుంది. చిన్నోడు చేతులు తుడుచుకున్న గుడ్డతోనే మళ్ళీ తుడుచుకుంటున్నాడు. వీధిలో ఎవరో షట్టరు పైకి లాగారు. అక్క వేలు మీట మీద నుంచి కదల్లేదు, కళ్ళు తల్లి మీద నుంచి కదల్లేదు.

"మూడు గట్టిగానే ఉన్నాయిరా," అంది తల్లి చివరికి, కొడుకు మొహం చూడకుండా. "నాలుగోది మెత్తగా తిరిగింది."